పెట్టె అడుగున మిగిలిన ఊలు



వ్యవసాయ విస్తరణాధికారి ఊలు గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. విత్తనం, ఎరువు, తెగులు, ఇవి గదా మా పని! అయితే పత్తి ఏరే ఇంట్లోనే, మిరప కోతకు పోయే ఇంట్లోనే చలికాలం కూడా గడవాలి. డిప్లొమా చదివే రోజుల్లో హాస్టలులో పక్కగది స్నేహితురాలి దగ్గర నేను అల్లిక నేర్చుకొన్నాను. ఇప్పటికీ సూదులు నా సంచిలోనే ఉంటాయి. మీటింగు మొదలయ్యేలోగా నాలుగు వరసలు పూర్తవుతాయి. (వేళకు మొదలైన మీటింగును నేనింకా చూడలేదు.) అలా అల్లుతూ పోగా మా ఇంట్లో ఒక రేకుపెట్టె నిండా చిన్నా పెద్దా ఉండలు మిగిలినవి. కొత్త ఊలు కొన్నప్పుడల్లా కొంత మిగులుతుంది, ఆ మిగిలినది దేనికీ చాలదు, పారవేయడానికి మనసొప్పదు.

ఈ మాట నాదే అనుకొన్నాను. కాని జనగామ దగ్గర ఒక పల్లెలో, కురుమల ఇంట్లో, ఒక అవ్వ నోట అదే మాట విన్నాను. కందిచేను చూసి వస్తూ మంచినీళ్ళకని ఆగితే, అటక మీది కుండ దింపి చూపింది. కుండ నిండా నల్లటి ఉన్నిదారం.

“మా ముసలాయన ఆఖరు గొంగడి నేసినప్పుడు మిగిలింది బిడ్డా. ఇంకో గొంగడికి సాలది. పారేద్దామంటే చెయ్యి రాదు. ఏం జెయ్యాలె?”

“గొర్రెలు లేవా అవ్వా?” అన్నాను.

“ఉన్నయి. ఉన్ని లేదు.”

ఆ మాటలో పెద్ద సంగతే ఉన్నది. మన ప్రాంతపు నల్లగొర్రె, దక్కనీ జాతి గొర్రె, ఒంటినిండా ముతక ఉన్ని పెంచుకొంటుంది. ఏడాదికి రెండుమార్లు కత్తెర వేసి తీసేవారు. ఆడవారు వడికేవారు, మగవారు గుంట మగ్గం మీద గొంగడి నేసేవారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించేవారు. అయితే మాంసానికి ధర పెరిగిన కొద్దీ త్వరగా బరువుకు వచ్చే నెల్లూరు జాతి వైపు మొగ్గు పెరిగింది. దాని ఒంటిమీద ఉండేది పొట్టి వెంట్రుకలే గాని ఉన్ని కాదు. 2017లో మన రాష్ట్రంలో 75 శాతం సబ్సిడీ మీద, ఒక్కొక్కరికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు కూడా బయటి రాష్ట్రాలనుంచి ఇటువంటి జీవాలు చాలా వచ్చినవి. మందకు అది లాభమా నష్టమా అన్నది వేరే ప్రసంగం. కుండలోని దారం మాత్రం తిరిగి వచ్చేది కాదు. కనుక దానిని ఎలా వాడాలన్నది ఆ అవ్వకు చిన్న ప్రశ్న కాదు.

నేను ఆమెతో చెప్పినది, తర్వాత నా పెట్టెకు కూడా అమలు చేసుకొన్నది, ఇప్పుడు మీతో మనవి చేస్తాను.

మొదట, చేతిలో ఉన్నది ఏమిటో తెలుసుకోవలెను. బజారులో దొరికే చవక ఊలులో చాలావరకు గొర్రె ఉన్ని కాదు, అక్రిలిక్ దారం. దానికీ పెట్రోలుకూ ఒకే మూలం. చూడడానికి మెత్తగా, రంగురంగులుగా ఉంటుంది, ఉతికినా ముడుచుకోదు. అది చెడ్డ సరుకని నేననను. కాని నిప్పు దగ్గర అది ప్రమాదకరం. కరిగి ఒంటికి అంటుకొంటుంది. కాటారం, మహాముత్తారం వైపు అడవి అంచు పల్లెల్లో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలిమంట వేసి పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొంటారు. అక్కడ కూర్చునే పిల్లవాడికి అక్రిలిక్ స్వెట్టరు వేయవద్దు. గొర్రె ఉన్ని అంత తొందరగా అంటుకోదు, మంట తీసివేస్తే చాలావరకు తానే ఆరిపోతుంది.

గుర్తుపట్టడానికి పరీక్ష సులభం. వేలెడు దారం తుంచి, పట్టకారుతో పట్టుకొని, కింద ఇనుప పళ్ళెం పెట్టి, పక్కన నీళ్ళు ఉంచుకొని అంటించండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అయితే అది ఉన్ని. కరిగి, చల్లారిన తర్వాత నల్లటి గట్టి పూసలా మిగిలితే అక్రిలిక్ వంటిది. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగిలితే నూలు. కరిగిన చుక్క చేతిమీద పడితే చర్మం ఊడివస్తుంది, అందుచేత ఈ పని పిల్లలకు ఒప్పగించవద్దు.

ఈ మూటిని విడివిడిగా కట్టి పెట్టుకోవలెను. ఈ జాగ్రత్త నేను పడక నష్టపోయాను. మా అక్క కూతురికి మిగిలిన ముక్కలన్నీ కలిపి చారల స్వెట్టరు అల్లాను. ఉన్ని చార ఒకటి, నూలు చార ఒకటి. వేసినరోజు ఇల్లంతా మెచ్చుకొన్నారు. వారం తిరగకుండా వేడినీళ్ళలో వేసి రుద్ది ఉతికారు. ఉన్ని చారలు ముడుచుకొన్నవి, నూలు చారలు అలాగే నిలిచినవి, స్వెట్టరు కాస్తా గుమ్మడికాయ చారల్లాగా ఉబ్బింది. ఉన్నిని చల్లని నీళ్ళలో, రుద్దకుండా, పిండకుండా ఉతకాలి. ఆ సంగతి నాకు తెలుసు, మా అక్కకు చెప్పలేదు.

రెండవది లావు చూచుకోవడం. పెన్సిలు మీద దారాన్ని ఒత్తుగా, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా చుట్టి, ఒక అంగుళంలో ఎన్ని చుట్లు వచ్చినవో లెక్కపెట్టండి. ఒకే లెక్క వచ్చినవాటిని ఒకచోట వాడవచ్చును. ఒకటి ఎనిమిది, ఒకటి పదకొండు వచ్చినవనుకోండి, సన్నదానిని రెండు పోగులుగా కలిపి అల్లితే లావుదానికి ఇంచుమించు జోడు అవుతుంది.

ఇక అసలు చిక్కు. ఈ ఉండ ఎంతవరకు వస్తుంది? సగంలో అయిపోతే ఏం గతి? దీనికి నాకు తెలిసిన ఉపాయాలలో అన్నిటికన్న మంచిది మూలనుంచి అల్లడం. సూదిమీద మూడు కుట్లు ఎక్కించండి. ప్రతి వరస మొదట ఒక కుట్టు పెంచుతూ పోండి. అన్నీ ముందు కుట్లే, వెనుక కుట్టు అవసరం లేదు, ఇప్పుడే నేర్చుకొన్నవారు కూడా చేయగలరు. మొదలుపెట్టే ముందు ఉండను వంటింటి త్రాసులోనో, కిరాణాకొట్టులోనో తూచి పెట్టుకోండి. 40 గ్రాములు ఉన్నదనుకొందాం. 21, 22 గ్రాములు మిగిలినప్పుడు పెంచడం ఆపి, ప్రతి వరస మొదట ఒక కుట్టు తగ్గిస్తూ రండి. దారం అయ్యేసరికి నాలుగు మూలల చదరం చేతికి వస్తుంది. ఉండ చిన్నదైతే చిన్న చదరం, పెద్దదైతే పెద్ద చదరం, అంతే తేడా. తగ్గించకుండా పెంచుతూనే పోతే తలకు కట్టుకొనే ముక్కోణపు గుడ్డ అవుతుంది. అప్పుడు చివర కుట్లు మూసివేయడానికి వెడల్పుకు కనీసం నాలుగు రెట్ల దారం ఉంచుకోవలెను. మామూలు వరసకు వెడల్పుకు మూడు రెట్లు పడుతుంది గనుక, ఇంకో వరస వస్తుందా రాదా అన్న అనుమానం వచ్చినప్పుడు దారాన్ని పరచి కొలుచుకొంటే సరి.

అన్నీ ఒకే కొలత చదరాలు కావాలంటే జానెడు కన్న తక్కువగా, 15 సెంటీమీటర్లకు అల్లండి. మధ్యరకం ఊలైతే ఒక్కొక్కదానికి 10 గ్రాముల చిల్లర పడుతుంది. పొడవుకు పది, అడ్డానికి ఏడు, మొత్తం 70 చదరాలు కుడితే పిల్లవాడు కప్పుకొనే దుప్పటి. మన ఇళ్ళలో పాత చీరలతో బొంత కుట్టడం ఎవరికీ నేర్పనక్కరలేదు, ఇది ఊలు బొంత. ఒక్క చలికాలంలో పూర్తి చేయాలని కూర్చోవద్దు. చేతికి ముక్క దొరికినప్పుడు ఒక చదరం. నాది మూడేళ్ళు పట్టింది.

టోపీకి మాత్రం మరొక లెక్క. బతుకమ్మ పేర్చినట్టే పేర్చాలి. అడుగు వరసకు ఎక్కువ పూలు కావాలి, పైకి పోయిన కొద్దీ తక్కువ చాలును. అలాగే ఎక్కువగా మిగిలిన రంగు చెవుల దగ్గర అంచుకు, ఉసిరికాయంత ఉండ నడినెత్తికి. రంగులు మరీ ఎక్కువైతే మధ్య మధ్య ఒకే రంగు రెండేసి వరసలు, తంగేడు పూవులాగా, వేసుకొంటూ పోండి. కలిసిపోతుంది.

మహబూబాబాద్ వైపు, గూడూరు, బయ్యారం తండాలలో అక్కచెల్లెళ్ళకు రంగుల సంగతి నేను చెప్పడం హాస్యాస్పదం. అద్దాలు, గవ్వలు, కుచ్చులు కుట్టే చేతులు వారివి. నేను వారి దగ్గరే నేర్చుకొన్నాను. మూరెడు కన్న తక్కువ ముక్కలు అల్లికకు పనికిరావని పారవేస్తుంటే ఒకామె నా చేయి పట్టుకొని ఆపి, వాటన్నిటినీ కుచ్చు కట్టి చూపింది. సంచి మూతికి, ఎద్దు మెడపట్టీకి అవే.

పసిపిల్లల వస్తువుల దగ్గర ఒక హెచ్చరిక. రంగు మార్చినప్పుడల్లా లోపలివైపు దారపు కొసలు మిగులుతవి. వాటిని వేలాడనీయవద్దు. మేజోడులోనో, చేతి తొడుగులోనో వదులు పోగు పసివేలికి చుట్టుకొంటే రక్తం ఆడక వేలు వాచిపోతుంది, వేలికే ముప్పు రావచ్చును. బిడ్డ ఏడుస్తుంది గాని ఎందుకో మనకు తెలియదు. ప్రతి కొసనూ బెత్తెడు పొడవున ఉంచి, సూదితో కుట్లలోనికి దోపి, వెనుకకు మళ్ళించి కత్తిరించండి. తొడిగే ముందు లోపలివైపు తిరగేసి చూడండి. నిద్రపోయే బిడ్డ టోపీకి గొంతు కింద తాళ్ళు కట్టవద్దు.

ఇంత శ్రమపడితే డబ్బు మిగులుతుందా అని అడుగుతారు. నిజం చెప్పాలి. పెద్దవారి స్వెట్టరు అల్లడానికి నాకు నెలకు పైగా రాత్రులు పడతవి. బజారులో అంతకన్న చవకగా దొరుకుతుంది. కనుక తోటి అధికారులకు ఒక మాట: ఇది ఆదాయమార్గమని సంఘాలలో ఆశ పెట్టవద్దు. నేను చూసిన ఒక శిక్షణలో పది దినాలు అల్లిక నేర్పి, అందరికీ ఒకే రంగు కొత్త ఊలు పంచి వెళ్ళిపోయారు. అమ్మేదెక్కడో ఎవరూ చెప్పలేదు. ఆ ఊలు కూడా ఇప్పుడు పెట్టెల అడుగునే ఉన్నది. కొత్తది పంచడానికి ముందు ఇంట్లో ఉన్నది తెమ్మని అడిగి ఉంటే బాగుండేది.

మళ్ళీ అవ్వ కుండ దగ్గరకు వస్తాను. గొంగడి దారం ముతక, ఒంటికి గరగరమంటుంది, పిల్లలకు పనికిరాదు. గంజి పట్టిన పడుగు దారమైతే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కదపకుండా తీసి, నీడన ఆరవేయవలెను. అప్పుడు మెత్తబడుతుంది. కూర్చునే పీటమీది ఆసనం, బిందె కింద పెట్టే చుట్టకుదురు, వేడి గిన్నె దింపే గుడ్డ, ఇవన్నీ దానితో వస్తవి. నేను ఇవన్నీ చెప్పుకొంటూ పోతుంటే అవ్వ విని విని లోపలికి పోయి, ముసలాయన గొంగడి తెచ్చి నా ముందు పరచింది. భుజం దగ్గర అరచేతి మేర చిరిగి ఉన్నది. ఆ కుండలోని దారం మీద మొదటి హక్కు ఆ చిరుగుదే. నాకు ఆ సంగతి తట్టనేలేదు.

ఇద్దరం కూర్చొని కుట్టాము. గోనెసంచులు కుట్టే దబ్బనమే తీసుకొన్నాము. చిరుగుకు నాలుగు వైపులా రెండేసి వేళ్ళ మేర గట్టి నేతలోనుంచి మొదలుపెట్టి, పడుగు వెంట పోగులు వేసి, తర్వాత అడ్డంగా ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి దోపుతూ వచ్చాము. బిగించి లాగకూడదు, లాగితే పక్క నేత ముడుచుకొంటుంది. అదే గొర్రెల ఉన్ని, అదే చేతి వడుకు. కనుక కుట్టినచోటు రెండు గజాల దూరంనుంచి కనబడలేదు. అందుచేత ఏ వస్త్రం అల్లినా, నేసినా, దాని దారం పిడికెడు మాత్రం ఖర్చు చేయక, ఆ వస్త్రం పేరు చీటీ రాసి కట్టి పెట్టండి.

దాచే పద్ధతి చెప్పి ముగిస్తాను. మురికి, చెమట ఉన్న ఉన్నిని చిమ్మట ముందుగా పడుతుంది. ఉతికి, బాగా ఆరనిచ్చి, ఎండు వేపాకు వేసి మూత బిగించండి. వేపాకు ఒక్కదానినే నమ్ముకోవద్దు. రెండు నెలలకొకమారు తీసి, ఎండలో దులిపి, మళ్ళీ పెట్టండి. అప్పటికే చిమ్మట కొట్టి పొడుమైన ఉన్ని ఉంటే చెట్టు పాదులో మట్టి కింద వేయండి. శుభ్రమైన ఉన్నిలో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది. మెల్లగా కుళ్ళుతుంది, తడి పట్టి ఉంచుతుంది. యూరియా మానివేయవచ్చునని నేననడం లేదు, ఇంటి ముందరి నిమ్మచెట్టుకు మాత్రం మంచిదే. అక్రిలిక్ ముక్కలు పాదులో వేయవద్దు. అవి ఏళ్ళు గడిచినా కుళ్ళవు.

అవ్వ కుండలో ఇంకా సగం దారం ఉన్నది. చుట్టకుదురు తానే మొదలుపెట్టింది. మొన్న ఆ దారినే పోతుంటే పిలిచి, “బిడ్డా, నీ సూదులు రెండు ఇచ్చిపో” అన్నది. ఇచ్చి వచ్చాను.