రక్తం పలచబరిచే మాత్రలు: ఆపడం ఎట్లా, మళ్ళీ మొదలుపెట్టడం ఎప్పుడు?

(పటమటలో సంఘ సభ్యుల కుటుంబాల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు నన్ను కోరారు. పెద్ద పెద్ద జబ్బుల సంగతి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను ఒక చిన్న విషయమే తీసుకుంటున్నాను. చిన్నదే గాని, అందులో పొరపాటు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు పన్ను తీయించుకోవడానికో, కంటి శుక్లానికో, హెర్నియా ఆపరేషనుకో పోయేటప్పుడు ఆ మాత్రల్ని ఏం చెయ్యాలి? ఆపాలా, వద్దా? ఆపితే ఎన్నాళ్ళు?

ఈనాడు ఏ వీధికి పోయినా ఈ మాత్రలు వాడేవారు కనబడుతున్నారు. గుండె వైద్యం మనకు దగ్గరైంది గనుక. 1990లో తిరువనంతపురంలోని శ్రీ చిత్రా సంస్థలో, మన దేశంలోనే తయారైన గుండె కవాటాన్ని మొదటిసారి ఒక రోగికి అమర్చారు. ఆ దశకంలోనే హైదరాబాదులో గుండె వైద్యులు సోమరాజు గారు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం గారు కలిసి తక్కువ ధరకు దొరికే స్టెంటును రూపొందించారు. కలాం-రాజు స్టెంట్ అని దానికి పేరు వచ్చింది. 2007లో మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైనాక పేదవారు కూడా గుండె ఆపరేషన్ చేయించుకొని ఇంటికి రాగలిగారు. చాలా సంతోషించవలసిన విషయం. కాని కవాటం పెట్టి పంపినా, స్టెంట్ వేసి పంపినా, డాక్టరు గారు చీటీ మీద రాసిచ్చిన ఆ మాత్ర కూడా ఆపరేషన్లో భాగమేనని మనం మరచిపోతున్నాం.

పలచబడటం అంటే పాలల్లో నీళ్ళు కలిపినట్లు కాదు. రక్తానికి గడ్డకట్టే గుణం తగ్గుతుంది, అంతే. ఈ మందులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా చేసేవి: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. స్టెంట్ వేసినవారికి ఇవి ఇస్తారు. రెండవది, గడ్డకట్టించే పదార్థాలనే అదుపులో పెట్టేవి: వార్ఫరిన్, ఎసిట్రోమ్, కొత్తగా వచ్చిన డాబిగాట్రాన్, రివరాక్సబాన్, ఎపిక్సబాన్. కృత్రిమ కవాటం ఉన్నవారికి వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ మాత్రమే ఇస్తారు. గుండె లయ తప్పినవారికి, కాలి సిరల్లో గడ్డలు వచ్చినవారికి కొత్తవి కూడా ఇస్తారు.

వార్ఫరిన్ కథ మన డెల్టా రైతు కుటుంబాల వారికి ఆశ్చర్యంగా ఉంటుంది. 1920ల్లో అమెరికా, కెనడాలలో బూజుపట్టిన ఒక రకం పశుగ్రాసం తిన్న పశువులు రక్తస్రావమై చనిపోయేవి. 1933లో ఒక రైతు, చచ్చిన ఆవునూ, గడ్డకట్టని రక్తమున్న పాలక్యానునూ బండిలో వేసుకొని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి పోయాడు. అక్కడ కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త, ఆయన శిష్యులు కొన్నేళ్ళు శ్రమించి ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకున్నారు. ఆ పరిశోధనలోనే వార్ఫరిన్ పుట్టింది. 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల మందుగా వాడుకలోకి వచ్చింది. మోతాదు ఎక్కువైతే రక్తం కారుతుంది, తక్కువైతే రక్తం గడ్డకడుతుంది. ఆ రెంటి మధ్య మనిషిని నిలబెట్టడానికే ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష.

ఇక అసలు సంగతి. ఆటోనగర్లో పనిచేసే ఒక పెద్దాయనకు కవాటం మార్చారనుకుందాం. పన్ను నొప్పి వచ్చింది. ఎవరో "మాత్రలు ఆపి రండి చాచా" అన్నారు. ఎన్ని రోజులో చెప్పలేదు. ఆయన ఆపాడు. పన్ను తీశారు, రక్తం పెద్దగా రాలేదు, అందరూ అల్లాకు షుక్ర్ చెప్పుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టమని మాత్రం ఎవరూ చెప్పలేదు. పన్ను డాక్టరు గారు గుండె డాక్టరు చెప్తారనుకున్నారు. గుండె డాక్టరు గారికి పన్ను తీసిన సంగతే తెలియదు. ఇంట్లోవాళ్ళు, బాగానే ఉన్నాడు గదా అనుకున్నారు. కొన్ని వారాలకు కవాటం మీద గడ్డకట్టి, అందులో ముక్క మెదడుకు పోతే, మాట పడిపోతుంది, చెయ్యి పడిపోతుంది. ఒక్క పన్ను కోసం ఇంత అనర్థం! కనుక మాత్ర ఆపడం ఎంత ముఖ్యమో, మళ్ళీ మొదలుపెట్టే తేదీ అంతకంటే ముఖ్యమని గ్రహించవలసిందిగా కోరుతున్నాను.

ముందుగా తెలుసుకోవలసింది, చాలా చిన్న పనులకు అసలు ఆపనక్కరలేదు. ఒకటి రెండు పళ్ళు తీయడానికి సాధారణంగా ఆస్పిరిన్ ఆపరు. వార్ఫరిన్ వాడేవారికి కూడా ఐ.ఎన్.ఆర్. హద్దులో ఉంటే ఆపకుండానే తీసి, దూదిగుడ్డ గట్టిగా కరిపించి, అవసరమైతే కుట్టు వేసి, రక్తం నిలిపే మందుతో పుక్కిలించమంటారు. చుక్కల మందుతో చేసే కంటి శుక్లం ఆపరేషనుకు కూడా చాలావరకు ఆపరు. "ఆపండి" అని ఎవరైనా అంటే "తప్పదా డాక్టరు గారూ?" అని మర్యాదగా అడగడంలో తప్పులేదు.

హెర్నియా, పిత్తాశయంలో రాళ్ళు, పెద్దపేగులో కండ తీయడం వంటివాటికి మామూలుగా ఆపవలసి వస్తుంది. అప్పుడు ఒక్కొక్క మందుకు ఒక్కొక్క లెక్క. వార్ఫరిన్ సుమారు 5 రోజుల ముందు, ఎసిట్రోమ్ 2, 3 రోజుల ముందు, క్లోపిడోగ్రెల్ 5 నుండి 7 రోజుల ముందు ఆపుతారు. కొత్త మందులైతే మామూలు పనికి 1 రోజు, పెద్ద ఆపరేషనుకు 2 రోజులు చాలు. కాని మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి, ముఖ్యంగా డాబిగాట్రాన్ వాడేవారికి, ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. ఈ లెక్కలు మీరు ఇంట్లో కూర్చొని ఆపుకోవడానికి చెప్పడం లేదు. డాక్టరు గారు చెప్పింది అర్థం కావడానికి, "అన్నిటికీ వారం ఆపాలి" అనే పుకారు నమ్మకుండా ఉండటానికి చెబుతున్నాను.

స్టెంట్ వేసినవారికి మరొక హెచ్చరిక. స్టెంట్ కొత్తగా ఉన్న నెలల్లో మాత్ర ఆపితే అది మూసుకుపోయి గుండెపోటు రావచ్చు. అందుకని తొందరలేని ఆపరేషన్లను వీలైతే 6 నెలలు, గుండెపోటు వచ్చి స్టెంట్ వేసిన వారికైతే ఏడాది వాయిదా వేస్తారు. స్టెంట్ వేసిన తేదీ ఒక కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి.

కొందరికి మాత్ర ఆపిన రోజుల్లో హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. గుండె లయ తప్పినవారిలో చాలామందికి ఇవి అవసరం లేదని, పైగా రక్తస్రావం పెరుగుతుందని 2015లో వెలువడిన బ్రిడ్జ్ అనే పెద్ద పరిశోధన తేల్చింది. కృత్రిమ కవాటం ఉన్న కొందరికి మాత్రం అవసరం కావచ్చు. ఇక్కడ మనకు సంబంధించిన మాట ఒకటి ఉన్నది. హెపారిన్ ఎక్కువగా పంది పేగుల నుండి తీస్తారు. ప్రాణావసరంలో, వేరే దారి లేనప్పుడు, మినహాయింపు ఉన్నదని ఉలమాలు చెబుతారు. సందేహమున్నవారు ఆపరేషన్ తేదీకి ముందే ఆలిమ్ సాహెబ్ గారిని, డాక్టరు గారిని అడిగి నిశ్చింతగా ఉండాలి. సందేహంతో చెప్పకుండా సూది మానేయడం అన్నిటికంటే ప్రమాదం.

హిజామా చేయించుకునేవారికి కూడా ఒక మనవి. అందులో చర్మం మీద గాట్లు పెడతారు. ఈ మాత్రలు వాడేవారు డాక్టరు గారిని అడగకుండా చేయించుకోరాదు, దానికోసం సొంతంగా మాత్ర ఆపనూ రాదు.

ఇక ఇంట్లో చేయవలసినవి. ఏ డాక్టరు దగ్గరకు పోయినా, పన్నుకైనా సరే, మొదటి మాటగా "నేను రక్తం పలచబరిచే మాత్ర వాడుతున్నాను" అని చెప్పి మాత్రల అట్ట చూపించండి. ఆపరేషన్ చేసే డాక్టరు, మాత్ర రాసిన డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడేటట్లు చూడండి. వీలుగాకపోతే ఒకరి చీటీ మరొకరికి చేర్చండి. చివరి మాత్ర ఏ రోజు, మళ్ళీ మొదటి మాత్ర ఏ రోజు, ఎంత మోతాదు అనే మూడూ కాగితం మీద రాయించుకోండి. అమ్మీ, అబ్బాలకు చదువు రాకపోతే ఆ కాగితం చదువుకున్న పిల్లల బాధ్యత. నొప్పికి మందుల షాపులో సొంతంగా డైక్లోఫెనాక్, బ్రూఫెన్ వంటివి కొనవద్దు. వాటితో రక్తస్రావం పెరుగుతుంది.

రక్తం ఆగకపోయినా, మలం నల్లగా వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా తెల్లవారేదాకా చూద్దామనుకోక వెంటనే 108కు ఫోన్ చెయ్యండి.

ఈ ప్రసంగం సంచికలో అచ్చవుతున్నదన్నారు. మీ ఇంట్లో ఈ మాత్రలు వాడే పెద్దలుంటే ఈరోజే వారి చీటీ తీసి, మందు పేరు, ఎందుకు వాడుతున్నారో, రాసిన డాక్టరు ఎవరో ఒకచోట రాసి పెట్టండి. అవసరం వచ్చిన రోజున వెతుక్కోవలసిన పని ఉండదు.