మన చెంతనున్న భాషలు

కొల్లాపురపు అంగడి వీధిలో ఒక పూట నిలిచి వినినచో మనకెన్ని భాషలు వినవచ్చును? కాశ్మీరీ మొదలు మలయాళము వరకు దేశభాషల పేర్లు వల్లించుట తేలిక. మన పొలిమేరలోని మాటలను లెక్కించుటయే కష్టము.

ఇందుకొక కారణము గలదు. గ్రియర్సను పండితుడు 1894లో ఆరంభించి 1928 నాటికి ముగించిన భారతీయ భాషా పర్యవేక్షణమున హైదరాబాదు రాజ్యము చేరలేదు. మదరాసు, మైసూరులును చేరలేదు. అంత గొప్ప పని మన గుమ్మము వరకు రాకయే నిలిచిపోయినది.

నల్లమలలోని చెంచులకు వేరొక భాష గలదని పలువురు తలంతురు. వారు మాటాడునది తెలుగే. యాస మాత్రము వారిది. తండాలలోని లంబాడీ అట్లు కాదు. అది రాజస్థానీకి దగ్గరి చుట్టము. మొగలు సేనలకు ఎడ్లపై ధాన్యము మోసికొని దక్కనునకు వచ్చిన బంజారాల మాట అది. మూడు వందల యేండ్లకు పైగా తెలుగు నడుమ మెలగియు ఆ భాషలో తల్లి "యాడి"గానే నిలిచినది. పడమటికి పోయి మక్తలు, నారాయణపేట చేరినచో కన్నడము వినబడును. ఇక ఉరుదూ మన కచ్చేరి కాగితములలోనే కాక నోటిలోను స్థిరపడినది: దరఖాస్తు, పహాణీ, జమాబందీ. అంతయేల, మనము అచ్చ తెలుగని భావించు "రైతు" సైతము అరబీ నుండి వచ్చినదే!

1961 జనాభా లెక్కలలో దేశమున 1,652 మాతృభాషల పేర్లు నమోదైనవి. 2011 లెక్కలలో లంబాడీ హిందీ క్రింద చేర్చబడినది. పట్టికలు కూర్చువారికి అది సౌకర్యమే కావచ్చును. తండా నుండి తొలిసారి బడికి వచ్చిన బిడ్డకు ఆ సౌకర్యము చెందదు. ఆ బిడ్డకు హిందీయు రాదు, తెలుగును రాదు. పంతులుగారికి లంబాడీ రాదు. ఇంటిలో చురుకైన బిడ్డ బడిలో మూగయగును. ఈ చిక్కును గుర్తించియే 2004 ప్రాంతమున ఆంధ్ర ప్రదేశములో గోండి, కోయ, కొలామీ, బంజారా మొదలగు భాషలలో తెలుగు లిపితోనే వాచకములు సిద్ధపరచిరి. అది మంచి త్రోవ. ఒకటి రెండు తరగతులకే అది చాలునని మేము అనుకొనము.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు మన రైతుల వ్యవసాయ పదములను మాండలిక కోశముగా వెలువరించిరి. తండా మాటలకును అట్టి కూర్పు కావలెను. కొల్లాపురపు విద్యార్థులు నలుగురు సెలవులలో ఒక నోటుపుస్తకముతో బయలుదేరిన చాలును. అవ్వల యెదుట కూర్చుండి వంటింటి మాటలతో మొదలుపెట్టవచ్చును. పిదప పశువుల పేర్లు, పాటలు. తెలుగు అక్షరములలో వ్రాసి, వ్రాసినదానిని ఆ అవ్వలకే చదివి వినిపించి, ఉచ్చారణ సరిచేయించుకొనవలెను.