నేల మనదే కావచ్చు, నీరు మన ఒక్కరిదే కాదు

సర్వ స్తోత్రాలకూ అర్హుడు సకల లోకాల సృష్టికర్త, పోషకుడు అయిన అల్లాహ్ మాత్రమే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!



వేసవి సమీపించగానే మన ఊళ్ళలో ఒకే మాట వినిపిస్తుంది: బోరు ఎండిపోయింది. రాయలసీమలోనూ, తెలంగాణ మెట్ట ప్రాంతాలలోనూ నేల కింద రాతి పొరల సందుల్లో నిలిచిన నీరే మనకు ఆధారం. ఒకరు లోతుగా బోరు వేస్తే పక్కవారి బోరు తగ్గుతుంది. పక్కవారు అప్పు చేసి ఇంకా లోతుకు వెళతారు. ఆ స్థోమత లేనివారు బిందె పట్టుకుని ట్యాంకరు కోసం ఎదురుచూస్తారు. ఎవరైనా ప్రశ్నిస్తే, “నా స్థలం, నా డబ్బు, నా బోరు, అడగడానికి మీరెవరు?” అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఈ జవాబు గురించి షరీఅత్ ఏమంటుందో ఈ రోజు పరిశీలిద్దాం.

లోకంలో ఒక ఆర్థిక వ్యవస్థ, చేజిక్కించుకున్నవాడే సర్వహక్కుదారుడని అంటుంది. మరొకటి, సమస్తం రాజ్యానిదేనని అంటుంది. ఇస్లాం వ్యక్తిగత ఆస్తిని గౌరవించింది. జకాత్, వారసత్వం, వర్తకం మొదలైన వాటి విధులన్నీ దానిపైనే ఆధారపడి ఉన్నాయి. అయితే కొన్నింటిని మాత్రం ఎవరి గుప్పిట్లోనూ పెట్టలేదు. నీరు, పచ్చిక, నిప్పు – ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములని దైవప్రవక్త (స) తెలియజేశారు.

ఈ సూత్రం ఆచరణలో ఎలా ఉండేదో ఒక సంఘటన చూపుతుంది. యెమెన్‌లోని మఅ్‌రిబ్ ప్రాంతపు ఉప్పు గనిని తనకు ఇవ్వమని హజ్రత్ అబ్యజ్ బిన్ హమ్మాల్ (రజి) కోరగా, ప్రవక్త (స) ఇచ్చేశారు. అది తరగని నీటి ఊట వంటిదని, ప్రజలు వెళ్ళి సులభంగా తెచ్చుకునేదని సభలో ఒకరు విన్నవించారు. ఆ మాట విని ప్రవక్త (స) ఆ కేటాయింపును వెనక్కు తీసుకున్నారు. కోరిన వ్యక్తి దురాశాపరుడు కాదు, ఒక సహాబీ. మంచివాడి చేతిలోనైనా సరే, పదిమందికి చెందవలసిన వనరు ఒక్కరి సొత్తు కారాదన్నదే ఇందులోని పాఠం.

ఇక నీటి విషయంలో మన హనఫీ ఫుఖహా (ధర్మశాస్త్రవేత్తలు) చేసిన విభజన ఎంతో సూక్ష్మమైనది. పెద్ద నదుల నీరు అందరిదీ. బిందెలోనో, తొట్టిలోనో నింపుకున్న నీరు నింపుకున్నవాడిది, దాన్ని అమ్ముకోవచ్చు. ఈ రెంటికీ మధ్యన ఉన్నది సొంత బావి. దాని యజమాని తన పొలానికి నీరు ముందు పెట్టుకోవచ్చు. కాని దాహంతో వచ్చిన మనిషినీ, పశువునూ ఆపే అధికారం అతనికి లేదు. దీనినే ‘హఖ్ఖె షఫహ్’ అన్నారు. కనుక ట్యాంకరు నడిపే సోదరుడు డీజిలుకూ, కరెంటుకూ, తన శ్రమకూ వెల తీసుకోవడం తప్పు కాదు. వీధి మొత్తం ఎండినప్పుడు ఎదుటివాడి దాహాన్ని చూసి ధర పెంచితే మాత్రం అతడు అమ్ముతున్నది నీటిని కాదు, పొరుగువాడి నిస్సహాయతను.

ఎవరికీ చెందని బీడు నేలలో బావి తవ్వినవానికి దాని చుట్టూ 40 మూరల నేల ‘హరీమ్’గా ఉంటుందని హదీసులో వచ్చింది. ఆ హద్దులో మరొకరు వచ్చి బావి తవ్వరాదు. ఈ విధి బీడు భూముల గురించినదే. అయినా, ఒకరి తవ్వకం మరొకరి ఊటను చంపరాదన్న దాని ఉద్దేశం మన కాలనీలకూ వర్తించదగినది. మన రాష్ట్రాల చట్టంలోనూ ఇటువంటి హద్దు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బావి వేయరాదు. రాత్రికి రాత్రి రిగ్గు లారీని పిలిపించి పని ముగించేవారు అధికారి కన్ను కప్పగలరేమో, అల్లాహ్ దృష్టిని తప్పించుకోలేరు.

హక్కు ఉన్నవానికి కూడా ఒక కొలత ఉంది. మదీనాలోని మహ్‌జూర్ వాగు నీటిపై ఎగువ వారికే మొదటి హక్కు. అయినా పొలంలో నీరు చీలమండల దాకా నిలిచాక దిగువకు వదలాలని ప్రవక్త (స) తీర్పు ఇచ్చారు. ఎగువన ఉండటం ముందు తీసుకోవడానికి కారణమైందే గాని, అంతా తీసుకోవడానికి కారణం కాలేదు. నేటి బోర్ల విషయంలో లోతైన బోరు ఉన్నవాడే ఎగువ వాడు. ఎక్కువ నీరు తాగే వరిని బోరు కిందనే ఏటా రెండు పంటలు వేసే రైతు, మిద్దె మీది ట్యాంకు పొంగి వీధిలో పారుతున్నా మోటారు కట్టని గృహస్థుడు, ఇద్దరూ తమ చీలమండల కొలతను గుర్తించాలి.

మదీనాలో రూమా బావి నీటిని దాని యజమాని వెలకు అమ్మేవాడు. హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొమ్ముతో దానిని కొని ముస్లిములందరికీ వక్ఫ్ చేశారు. ఆ తరువాత ఆయన బొక్కెనకు అందరి బొక్కెనలకు మించిన హక్కు ఏదీ మిగలలేదు. సొంత ధనంతో కొని ఉమ్మడి చేయడం – ఇది ఇస్లామీయ ఆర్థిక వ్యవస్థకు జీవం.

సోదరులారా! ఆ ధనవంతుని స్థాయి మనకు లేకపోవచ్చు, కాని చేయగలిగిన పనులు ఉన్నాయి. ప్రవక్త (స) వుజూకు వాడినది ఒక ముద్ద్, అంటే సుమారు లీటరుకు మించని నీరు. కుళాయి సగమే తిప్పి వుజూ చేయడం సున్నత్‌కు దగ్గరి మార్గం. మస్జిదు బోరు ఉన్న చోట గోడ బయటికి ఒక కుళాయి పెట్టండి. నీరు పట్టుకునే వారి మతం అడగకండి. ఒకే సందులో నాలుగు ఇళ్ళవారు నాలుగు బోర్లకు చేసే ఖర్చుతో ఒక బోరు, ఒక ఇంకుడు గుంత ఉమ్మడిగా వేసుకోవచ్చు. వలీమా విందులో రెండు గుక్కలు తాగి పారేసే సీసాల బదులు కుండలు, గ్లాసులు పెట్టండి. మింబరుపై నిలిచి చెప్పే ఇమాములమైన మేము కూడా ఈ విధులకు అతీతులం కాము.

ప్రళయదినాన సంపద ఎలా ఆర్జించావు, దేనికి వెచ్చించావు అని ప్రతి వ్యక్తినీ అడుగుతారు. నీటి లెక్క కూడా అందులో ఉంటుంది.

యా అల్లాహ్! మా నేలపై వానను కురిపించు. మా హృదయాలలోని లోభాన్ని తొలగించు. మా బావులను పొరుగువారికి మేలు చేసేవిగా, మాకు సదఖయె జారియగా మలచు. ఆమీన్.