అనుభవమునకు పట్టము

శ్రోతలారా! నేను చిరకాలము బడిపిల్లల పరీక్షా పత్రములు దిద్దినవాఁడను. బడికి రాక పనిలో నేర్చినవాని విద్యను దిద్దుట యెట్లు? ఫ్రాన్సు దేశమున 2002 నాఁటి శాసనము దీనికొక త్రోవ చూపినది. అభ్యర్థి తాను చేసిన పనిని, చేసిన తీరును, దాని కారణమును వ్రాసి, పరీక్షకసభ యెదుట నిలుచును. ఆ సభలో అధ్యాపకులే గాక వృత్తియందు పండినవారును ఉందురు. వారు ప్రశ్నించి, పట్టమును పూర్తిగనో కొంతభాగమో యిత్తురు, నిరాకరింపను వచ్చును.

మన దేశమునను 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ విధానము 30 గంటల అభ్యాసము నొక క్రెడిట్టుగా నెంచి, పరీక్షకు నిలిచిన యనుభవమునకును లెక్క గట్టవచ్చు నన్నది.

ఏండ్లు గడచుటయే విద్య గాదు. చేసినదానిని తెలిసి చెప్పఁగలుగుటయే విద్య. కావున పరీక్ష లేకయే రూకలు గొని పట్టమిత్తు మనువారిని నమ్మకుఁడు. మీ యింటి యువకులతో, చేసిన పనిని ఏనాఁటి దానాఁడు వ్రాసియుంచుకొమ్మని చెప్పుఁడు. సెలవు.