ఎంతమంది రాశారు?



ఈ రోజు బీఎడ్ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది వచ్చే జూన్‌లో ప్రైవేటు బళ్ళలో టీచర్లుగా చేరతారు. గేటు మీద ఫ్లెక్సీ ఉంటుంది: మ్యాథ్స్ ఒలింపియాడ్‌లో మెడల్స్ కొట్టిన పిల్లల ఫొటోలు, కింద పెద్ద అంకెలు. వాటిని చూసి ఫీజు కట్టేసే తల్లిదండ్రులున్నారు. లెక్కల మాస్టారిని కదా, అంకె కనబడితే నాకు ముందు అనుమానం పుడుతుంది.

అసలు ఏ ఒలింపియాడ్? 1959లో రుమేనియాలో మొదలైన అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కు మన దేశం 1989 నుంచి జట్టును పంపుతోంది. జట్టంటే ఆరుగురే. రెండు రోజులు, రోజుకు నాలుగున్నర గంటలు, మూడేసి లెక్కలు. మరి మన ఊళ్ళో వీధికో విజేత ఎక్కణ్ణుంచి వచ్చాడు? ఒలింపియాడ్ అన్న పేరుతో పరీక్ష ఎవరైనా పెట్టుకోవచ్చు. తరగతికో బంగారు పతకం పంచేవీ ఉన్నాయి.

పోనీ, గట్టి పతకమే అనుకుందాం. స్కాలర్‌షిప్ టెస్ట్ పెట్టి చురుకైన పిల్లల్ని ఏరుకుని, ఫీజు మాఫీ చేసి, వేరే సెక్షన్‌లో కూర్చోబెట్టిన బడికి పతకాలు రాకపోతేనే వింత. అలాగని బడి చేసేదేమీ లేదనను. అమెరికాలో ఏఎంసీ అనే గణిత పోటీ ఫలితాలను గ్లెన్ ఎల్లిసన్, ఆష్లీ స్వాన్సన్ పరిశీలించారు. ఒకే తరహా కుటుంబాల పిల్లలున్న బళ్ళ మధ్య కూడా, పై మార్కులు తెచ్చుకునేవాళ్ళ సంఖ్యలో చాలా తేడా కనిపించింది. ఆ తేడా వెనక ఎక్కడో ఓ పట్టుదల గల టీచరు ఉంటారని నా నమ్మకం.

మన నేల మీద జరిగిన ఒక పరిశోధన మాత్రం మీరు తప్పక చదవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాలు, 180 గ్రామాలు. ప్రైవేటు బడిలో చేరడానికి ప్రభుత్వ బడి పిల్లలకు లాటరీ తీసి వోచర్లు ఇచ్చారు. లాటరీ కాబట్టి ఏరుకోవడమన్న మాటే లేదు. నాలుగేళ్ళయ్యాక కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చూస్తే లెక్కల్లో, తెలుగులో లాటరీ తగిలినవాళ్ళకూ తగలనివాళ్ళకూ తేడా లేదు. ప్రభుత్వ ప్రాథమిక బడిలో చెప్పని హిందీలో మాత్రం తగిలినవాళ్ళు ముందున్నారు. అయితే ప్రైవేటు బళ్ళు ఆ ఫలితాన్ని ఒక్కో పిల్లవాడి మీద ప్రభుత్వ బడి పెట్టే ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువతో, లెక్కలకూ తెలుగుకూ తక్కువ సమయమే ఇచ్చి తెచ్చాయి. ప్రైవేటు బడిని తిట్టేవాళ్ళకూ పొగిడేవాళ్ళకూ ఈ పరిశోధన సగం సగమే పనికొస్తుంది.

ఇంటర్వ్యూలో మిమ్మల్ని, "ఎన్ని మెడల్స్ తెప్పిస్తారు సార్?" అని అడుగుతారు. జవాబు చెప్పండి, మీరూ అడగండి. మీ బడిలో పరీక్ష ఎంతమంది రాశారు? పతకం వచ్చిన పిల్ల మీ దగ్గర ఏ తరగతి నుంచి చదువుతోంది? ఒలింపియాడ్ సెక్షన్ టీచరు చివరి సెక్షన్‌కూ వెళతారా? భిన్నాలు రాకుండా ఆరో తరగతికి వచ్చినవాళ్ళలో ఏడుకు వెళ్ళేసరికి ఎంతమందికి వచ్చాయి?

ఈ ఆఖరి ప్రశ్నకు ఆఫీసులో లెక్క దొరక్కపోవచ్చు. మీ తరగతి వరకూ మీరే రాసుకోండి. జూన్‌లో ఓ చిన్న పరీక్ష, మార్చిలో అదే స్థాయిది ఇంకొకటి, అందరి పేర్లతో.