పిట్టగోడ
(ఉదయకాల ప్రార్థనలో రోగుల బంధువులకు ఇచ్చిన సందేశం)

మీలో చాలామంది రాత్రి వరండాలో చాప వేసుకొని పడుకున్నారు. కొందరికి అసలు నిద్రే పట్టి ఉండదు. కనుక మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను.

ఆసుపత్రికి వచ్చినప్పటి నుండి మీరు "కూడదు" అనే మాటే ఎక్కువగా విని ఉంటారు. ఇప్పుడు లోపలికి వెళ్లకూడదు. రోగి మంచం మీద కూర్చోకూడదు. బయటి తిండి పెట్టకూడదు. "మా మనిషిని మేము చూసుకోవడానికి ఇన్ని రూల్సా?" అని సిస్టర్‌గారి మీద కోపం కూడా వచ్చి ఉంటుంది.

కొన్ని సంవత్సరాల క్రితం ఒక తల్లి ఇలాగే కోపపడింది. ఆమె కొడుకుకు ఉదయం ఆపరేషన్. రాత్రి నుండి ఏమీ పెట్టవద్దని సిస్టర్ చెప్పింది. తెల్లవారుజామున అబ్బాయి "ఆకలమ్మా" అన్నాడు. తల్లి మనసు కదా, ఊరుకోలేదు. కొంగు చాటున రెండు ఇడ్లీలు తెచ్చి పెట్టింది. మత్తు డాక్టరుగారు అడిగితే భయపడి "ఏమీ తినలేదు" అంది. తీరా లోపలికి తీసుకువెళ్లే సమయానికి ఏడుస్తూ నిజం చెప్పేసింది. ఆపరేషన్ వాయిదా పడింది.

"అయ్యగారూ, ఆకలిగొన్న బిడ్డకు పెట్టొద్దని రూలు పెట్టినోళ్లకు అమ్మ లేదా?" అని ఆమె నన్ను అడిగింది.

నేను ఇలా చెప్పాను: "అమ్మా, మత్తు ఇచ్చినప్పుడు మనిషికి దగ్గు కూడా రాదు. కడుపులో ఉన్న ఆహారం పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. అందుకే గట్టి ఆహారం కనీసం 6 గంటల ముందే ఆపమంటారు. ఆ రూలు నీ బిడ్డ ఆకలితో ఉండాలని పెట్టింది కాదు, బ్రతకాలని పెట్టింది." ఆమె చాలాసేపు మౌనంగా ఉండిపోయింది.

దేవుని ఆజ్ఞల విషయంలో మనం కూడా ఆ తల్లిలాగే ఆలోచిస్తాం. "అబద్ధమాడవద్దు, వ్యభిచరింపవద్దు, ఆశింపవద్దు" అని వింటే, మన సంతోషం చూసి దేవుడు ఓర్వలేడేమో అనిపిస్తుంది. అయితే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టుకునేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. ఎవరూ పైనుండి పడి చనిపోకూడదని ఆ ఆజ్ఞ. ఆ దేశంలో ఇళ్లకు మన డాబాల వంటి చదునైన కప్పులు ఉండేవి.

గమనించండి, పిట్టగోడ మనల్ని డాబా ఎక్కవద్దనదు. ఎక్కు, పిల్లలను ఆడుకోనివ్వు, నిశ్చింతగా పడుకో అంటుంది. పడిపోవడం ఒక్కటే వద్దంటుంది. దేవుని ఆజ్ఞలన్నీ అటువంటివే.

కారణం మనకు వెంటనే తెలియకపోవచ్చు. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, కాన్పు చేసే ముందు మందు నీటితో చేతులు కడుక్కోవాలని తన వార్డులో నియమం పెట్టాడు. ఆ ఏప్రిల్‌లో అక్కడ 100 మంది బాలింతల్లో సుమారు 18 మంది చనిపోయారు. జూన్‌లో ఆ సంఖ్య 2కు తగ్గింది. క్రిముల సంగతి అప్పటికి రుజువు కాలేదు. అయినా నియమం ప్రాణాలు కాపాడింది. "మా చేతులు మురికివా?" అని నొచ్చుకున్న డాక్టర్లు మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. చేతులు కడుక్కోవడానికి అడ్డు వచ్చింది నీళ్ల కొరత కాదు, అహంకారం.

ఇక్కడ ఒక మాట తప్పక చెప్పాలి. "మేము ఏ ఆజ్ఞ మీరామని మా ఇంటికి ఈ జబ్బు వచ్చింది?" అని మీలో ఎవరైనా రాత్రంతా కుమిలిపోతూ ఉండవచ్చు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు పుట్టు గుడ్డివాని గూర్చి ఇదే ప్రశ్న అడిగారు. అతడు గాని, అతని తల్లిదండ్రులు గాని చేసిన పాపం కాదని యేసు స్పష్టంగా చెప్పాడు. దయచేసి ఆ భారం దించుకోండి. మనలను నిందించడానికి కాక, మనలను కాపాడడానికే దేవుడు ఆజ్ఞలు ఇచ్చాడు. మనం పడిపోయిన తరువాత కూడా లేవనెత్తడానికి చెయ్యి చాపేవాడు ఆయనే.

కనుక ఈ రోజు ఈ చిన్న నియమాలను ప్రేమతో పాటించండి. రోగిని ముట్టుకునే ముందు, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. జలుబు, దగ్గు ఉన్నవారు లోపలికి వెళ్లకండి. బయటి నుండే ప్రార్థించండి. ఆపరేషన్‌కు ముందు ఏమైనా తిన్నా, త్రాగినా దాచకుండా చెప్పండి. టీబీ మందులు కొద్ది వారాలకే ఒళ్లు తేలికపడిందని మానకండి. డాక్టరు చెప్పిన నెలలన్నీ వాడించండి.

ఆ అబ్బాయికి మరునాడు ఆపరేషన్ జరిగింది, కోలుకున్నాడు. ఆ ఉదయం అతని తల్లి వార్డు తలుపు దగ్గర నిలబడి, టిఫిన్ డబ్బాతో వచ్చిన మరొక తల్లిని ఆపి, "ఇప్పుడొద్దమ్మా, నా మాట విను" అని చెప్పడం నేను చూశాను.

ప్రార్థన చేసుకుందాం. ప్రేమగల తండ్రీ, నీవు "వద్దు" అన్నచోట నీ ప్రేమను చూడగల కన్నులు మాకు ఇవ్వు. లోపల ఉన్న మా వారిని నీ చేతులలో కాపాడు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.