చెప్పుకోలేని చోట నొప్పి



కమిటీ వారు ఈ ఏడు కూడా మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. అది ఏటా మాట్లాడుతున్నదే కదా, ఈసారి మగవాళ్లకు నడుము కింద వచ్చే నొప్పుల గురించి చెబుతామన్నాం. కమిటీ వారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపే మన జబ్బు.

మేము డాక్టర్లం కాము. బి.ఎడ్. చదివిన పంతుళ్లం. వైద్యులను అడిగి, చదివి తెలుసుకున్నదే చెబుతాం.

చాలా ఏళ్ల కిందటి మాట. తొమ్మిదో తరగతి పిల్లవాడు రెండో పీరియడ్‌లో బెంచీ మీద తల వాల్చేశాడు. ఏమిరా అంటే కడుపు నొప్పి సార్ అన్నాడు. వాంతి చేసుకున్నాడు. మేము వాము నీళ్లు తాగించి ఇంటికి పంపించాం. నొప్పి కడుపులో కాదు, బీజంలో. సిగ్గుపడి మాకూ చెప్పలేదు, ఇంట్లో అమ్మకూ చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రికి చేరేసరికి ఆ బీజం నల్లబడిపోయింది, తీసేశారు. వృషణం తన తాడు చుట్టూ తానే మెలిపడితే రక్తం ఆగిపోతుంది. సుమారు ఆరు గంటల్లోపల ఆపరేషన్ జరిగితే చాలామందికి దక్కుతుంది. ఎక్కువగా పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు వస్తుంది. ఆ రోజు మేము ఇంకొక్క ప్రశ్న అడగాల్సింది. ఇప్పుడు కడుపు నొప్పి అన్న ప్రతి మగపిల్లవాణ్ణీ పక్కకు పిలిచి, కింద కూడా నొప్పి ఉందా అని అడుగుతున్నాం. మీరూ అడగండి.

ఇక రాళ్లు. కలికిరిలో ఈ నొప్పి ఎరగని వీధి ఉండదు. వెన్ను పక్కన మొదలై గజ్జలోకి, బీజంలోకి దిగుతుంది. అలలు అలలుగా వస్తుంది. మనిషి ఒకచోట కూర్చోలేడు, పడుకోలేడు. మన ప్రాంతం నుంచి ఎందరో కువైట్‌లో డ్రైవర్లుగా, కూలీలుగా ఉన్నారు. 2016 జులై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ నమోదయింది. అంత ఎండలో చెమట పోతుంది, ఒంటికి పోవడం తగ్గుతుంది, మూత్రం చిక్కబడి లవణాలు గడ్డకడతాయి. బండి ఆపడం కుదరదని నీళ్లే తాగని డ్రైవర్లున్నారు. మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలేవాళ్ల సంగతీ అంతే. అన్నట్టు, టమాటా గింజ రాయి కాదు. పాలు, పెరుగు మానేయాల్సిన పనీ లేదు. తగ్గించాల్సింది ఉప్పు. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటంత నీళ్లు తాగాలి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ను అడిగి తాగాలి. రంజాన్‌లో ఇఫ్తార్ నుంచి సహరీ దాకా కొంచెం కొంచెంగా తాగాలి. జబ్బు మనిషికి రోజా వాయిదా వేసుకునే వెసులుబాటు ఉందని మీకు మేము చెప్పనక్కర్లేదు.

అయిదు మిల్లీమీటర్ల లోపు రాయి చాలావరకు తానే పడిపోతుంది. రాయి నొప్పితోపాటు చలి జ్వరం వస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు. వెయ్యేళ్ల కిందట కుర్దుబా వైద్యుడు అల్ జహ్రావీ మూత్రాశయంలోని రాయిని కోసి తీసే పద్ధతిని రాసిపెట్టాడు. 1980లో మ్యూనిక్‌లో కోత లేకుండా తరంగాలతో కిడ్నీలో రాయిని పగలగొట్టారు. మనమింకా నాటు మందు పొట్లాల దగ్గరే ఉన్నాం.

కూర్చునే చోట, పొత్తికడుపులో నెలల తరబడి మంట, బరువు ఉండే జబ్బు మరొకటి. ప్రోస్టేట్ వాపు అంటారు. యాభై లోపు వాళ్లకూ వస్తుంది. ఎక్కువమందిలో క్రిములే దొరకవు. కటి కండరాలు బిగుసుకుపోవడం కూడా ఒక కారణం. అలాంటివాళ్లు యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు మింగి లాభం లేదు. దీన్ని సుఖవ్యాధి అనుకుని బస్టాండు గోడల మీది ప్రకటనల వైద్యుల దగ్గర ఆవులమ్మిన డబ్బు పోసినవాళ్లను చూశాం. భార్యకు మొహం చూపలేక ఇల్లు వదిలినవాణ్ణీ చూశాం.

పెద్దవయసులో ప్రోస్టేట్ పెరిగితే మామూలుగా నొప్పి ఉండదు. ధార సన్నబడుతుంది, రాత్రి నాలుగైదు సార్లు లేవాలి, చుక్కలు పడతాయి. వుజూ నిలవదేమోనని మసీదుకే రావడం మానేసిన చాచాలున్నారు. దీనికి మందులున్నాయి, ఆ సందేహానికి ఇమాం సాబ్ దగ్గర జవాబుంది. జలుబు మాత్ర వేసుకున్న రాత్రి మూత్రం పూర్తిగా బిగదీసి, పొట్ట ఉబ్బి అరిచేవాళ్లూ ఉంటారు. వాళ్లకు వెంటనే గొట్టం వేయించాలి.

నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే, ముఖ్యంగా బీడీ తాగేవాళ్లు, తగ్గిందిలే అని ఊరుకోవద్దు. అది మూత్రాశయ క్యాన్సర్ కావచ్చు. పరీక్షలో చీము కనబడి, మామూలు క్రిమి దొరక్కపోతే కిడ్నీ క్షయ ఉందేమో చూడమని అడగండి. 1915లో మొదలైన ఆరోగ్యవరం పక్కనే ఉండి కూడా క్షయ అంటే మనకు ఊపిరితిత్తులే గుర్తొస్తాయి.

దాతలారా, డయాలసిస్‌కు చందా అడిగితే మీరు కాదనరు. కానీ రాయి అడ్డుపడో, మూత్రం బిగదీసో కిడ్నీ చెడిపోయాక ఇచ్చే డబ్బు అది. అందులో కొంత ముందుగా స్కానింగుకు, క్రియాటినిన్, షుగర్ పరీక్షలకు ఇవ్వండి. పెద్ద వైద్యానికి తిరుపతి స్విమ్స్‌కో, కుప్పం పి.ఇ.ఎస్.కో వెళ్లే పేదవాడికి బస్సు చార్జీ, తోడు వెళ్లే మనిషి కూలీ ఇవ్వండి. తోడు లేకే చాలామంది ఆగిపోతున్నారు.

కమిటీ వారిని ఇంకొకటి అడిగాం, ఒప్పుకున్నారు. నెలకొక శుక్రవారం జుమా అయ్యాక ఒక డాక్టరు మదరసా వెనక గదిలో కూర్చుంటారు. లోపలికి ఒక్కొక్కరే వెళ్లాలి. బయట పేర్లు రాసుకునే పుస్తకం ఉండదు.